మనవాడే మనవాళ్ళ మీద కేసులు ఎందుకు పెట్టాడు? లాయర్ నుంచి ఫెడరల్ ప్రాసిక్యూటర్ దాకా ప్రీత్ భరారా కథ

ఈ రోజు ఎపిసోడ్‌లో టెక్నాలజీ లేదు, స్టార్టప్ లేదు. ఒక లాయర్ గురించి మాట్లాడుకుందాం.

2013 డిసెంబర్. నేను అప్పుడు ఇంటర్ చదువుతున్నా. ఏ ఛానల్ పెట్టినా ఒకటే వార్త. న్యూయార్క్‌లో మన దేశం డిప్యూటీ కాన్సల్ జనరల్ దేవయాని ఖోబ్రగడేని అరెస్ట్ చేశారు, బట్టలు విప్పించి సోదా చేశారు అని. దేశం మొత్తం భగ్గుమంది. ఢిల్లీలో అమెరికన్ ఎంబసీ బయట ఉన్న సెక్యూరిటీ బారికేడ్లు కూడా మన ప్రభుత్వం తీయించేసింది. మా నాన్న టీవీ చూస్తూ ఒక మాట అన్నారు: "ఈ కేసు పెట్టినోడు కూడా మనోడేనంట. మనోడయ్యుండి మనోళ్ళ మీదే కేసులా?"

ఆ మాట అప్పట్లో మా ఇంట్లోనే కాదు, చాలా ఇళ్ళల్లో అనుకున్నారు. అమెరికాలో ఉన్న మనవాళ్ళు కూడా అనుకున్నారు. ఆ "మనోడు" పేరు ప్రీత్ భరారా. మా నాన్న అడిగిన ప్రశ్నకి ఇన్నేళ్ళ తర్వాత నాకు దొరికిన జవాబే ఈ ఎపిసోడ్.

ముందు మనిషి గురించి. భరారా పుట్టింది 1968లో, పంజాబ్‌లోని ఫిరోజ్‌పూర్‌లో. నాన్న సిక్కు, అమ్మ హిందూ. నాన్న పిల్లల డాక్టర్. ఈయన చిన్న పిల్లాడిగా ఉన్నప్పుడే కుటుంబం అమెరికా వెళ్ళి న్యూజెర్సీలో స్థిరపడింది. హార్వర్డ్‌లో డిగ్రీ, 1993లో కొలంబియా లా స్కూల్ నుంచి లా పట్టా. తమ్ముడు వినీత్ కూడా మొదట లాయరే. తర్వాత ఆయన డైపర్స్ డాట్ కామ్ పెట్టిన ఇద్దరిలో ఒకరు. దాని మాతృ సంస్థని 2010లో అమెజాన్ కొనేసింది.

మన భరారా మాత్రం కోర్టు దారి వదల్లేదు. లా అయ్యాక ఏడేళ్ళ దాకా న్యూయార్క్‌లో పెద్ద ప్రైవేట్ లా ఫర్మ్‌లలో పనిచేశారు. మంచి జీతం, పెద్ద పెద్ద క్లయింట్లు. 2000లో అది వదిలేసి అసిస్టెంట్ యూఎస్ అటార్నీగా చేరారు. అంటే కింది స్థాయి ఫెడరల్ ప్రాసిక్యూటర్. జీతం బాగా తగ్గుతుంది. అయినా అమెరికాలో చాలా మంది యంగ్ లాయర్లు ఈ ఉద్యోగం కోసం పోటీ పడతారు. ఎందుకో తెలియాలంటే ఆ ఉద్యోగం ఏంటో చూడాలి.

అమెరికాలో రాష్ట్రాల చట్టాలు వేరు, కేంద్రం చట్టాలు వేరు. కేంద్ర చట్టాల కింద నేరాలు చూడటానికి దేశాన్ని 94 ఫెడరల్ జిల్లాలుగా విభజించారు. జిల్లా ఆఫీసుకి పెద్ద యూఎస్ అటార్నీ. ఆయన్ని ప్రెసిడెంట్ నామినేట్ చేస్తారు, సెనెట్ ఒప్పుకోవాలి. ఆయన కింద అసిస్టెంట్లు ఉంటారు. న్యూయార్క్ సదరన్ డిస్ట్రిక్ట్ ఆఫీసులోనే భరారా కాలంలో 200 మందికి పైగా ఉండేవారు. మాన్‌హాటన్ దాని కిందకే వస్తుంది, వాల్ స్ట్రీట్ మాన్‌హాటన్‌లో ఉంది. అందుకే ఆ కుర్చీకి అంత పేరు.

మన దగ్గర పబ్లిక్ ప్రాసిక్యూటర్ అంటే సాధారణంగా పోలీసులు దర్యాప్తు చేసి, చార్జిషీట్ వేశాక కోర్టులో వాదించే ఆయన. అక్కడ అలా కాదు. ఎఫ్‌బీఐ దర్యాప్తు చేస్తున్నప్పుడే ప్రాసిక్యూటర్ పక్కన కూర్చుంటాడు. ఎవరి ఫోన్ వినడానికి జడ్జి అనుమతి అడగాలి, ఎవరిని సాక్షిగా మార్చుకోవాలి, ఎవరి మీద ఏ సెక్షన్ పెట్టాలి, ఎవరిని వదిలేయాలి, వీటన్నిట్లో ఆయన చెయ్యి ఉంటుంది. ఆ తర్వాత గ్రాండ్ జ్యూరీ ముందుకి వెళ్తాడు. 16 నుంచి 23 మంది మామూలు పౌరులు ఉంటారు. అందులో కనీసం 12 మంది ఒప్పుకుంటే అభియోగం నమోదవుతుంది.

ఇక్కడ అసలు పాయింట్. లాయర్‌కి ఒక క్లయింట్ ఉంటాడు. క్లయింట్ మంచివాడా చెడ్డవాడా అన్నది పక్కన పెట్టి, చట్టం లోపల ఉంటూ అతన్ని గెలిపించడమే లాయర్ ధర్మం. ప్రాసిక్యూటర్‌కి అలాంటి క్లయింట్ లేడు. బాధితుడు క్లయింట్ కాదు, పోలీసులు కాదు, ఆ పదవి ఇచ్చిన ప్రెసిడెంట్ కూడా కాదు. 1935లో బెర్జర్ అనే కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. క్రిమినల్ కేసులో ప్రభుత్వానికి కావాల్సింది గెలుపు కాదు, న్యాయం జరగడం అని. వినడానికి నీతి వాక్యంలా ఉంటుంది. కానీ ఏడేళ్ళు "నా క్లయింట్ గెలవాలి" అని పనిచేసిన మనిషి, సోమవారం పొద్దున కొత్త ఆఫీసుకెళ్ళి "ఈ కేసు అసలు పెట్టాలా వద్దా" అని ఆలోచించడం మొదలుపెట్టాలి. రెండు చోట్లా కోటు అదే, చట్టం పుస్తకాలు అవే. పని మాత్రం పూర్తిగా వేరు.

సరే, కథలోకి వెళ్దాం. భరారా ఐదేళ్ళు అక్కడ మాఫియా కుటుంబాల మీద, గ్యాంగుల మీద కేసులు నడిపారు. 2005లో సెనెటర్ చక్ షూమర్ దగ్గర చీఫ్ కౌన్సెల్‌గా వెళ్ళారు. అప్పుడే ఒక పెద్ద గొడవ జరిగింది. 2006 చివర్లో బుష్ ప్రభుత్వం కొంతమంది యూఎస్ అటార్నీలని ఉన్నట్టుండి తీసేసింది. రాజకీయ కారణాలతోనే తీసేశారా అన్న అనుమానం మీద సెనెట్ కమిటీ విచారణ పెట్టింది. అందులో ముఖ్యంగా పనిచేసిన వాళ్ళలో భరారా ఒకరు. ఆ గొడవలోనే 2007లో అటార్నీ జనరల్ అల్బెర్టో గొంజాలెస్ రాజీనామా చేశారు. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ పనికొస్తుంది.

2009లో ఒబామా ఆయన్ని న్యూయార్క్ సదరన్ డిస్ట్రిక్ట్‌కి యూఎస్ అటార్నీగా నామినేట్ చేశారు. ఆగస్టులో బాధ్యతలు తీసుకున్నారు. సుమారు రెండు నెలలకే, అక్టోబర్ 16న, గాలియన్ అనే హెడ్జ్ ఫండ్ అధినేత రాజ్ రాజరత్నం అరెస్ట్. ఇతను శ్రీలంకలో పుట్టిన తమిళుడు, బిలియనీర్. కంపెనీల లోపలి సమాచారం ముందే తెలుసుకుని షేర్లు కొని అమ్మాడని కేసు.

ఇందులో కొత్తదనం ఏంటంటే ఫోన్ రికార్డింగులు. అంతకుముందు కోర్టు అనుమతితో ఫోన్లు వినడం ఎక్కువగా మాఫియా, డ్రగ్స్ కేసుల్లో చేసేవాళ్ళు. సూట్ వేసుకున్న వాల్ స్ట్రీట్ వాళ్ళ మీద ఇంత పెద్ద ఎత్తున వాడింది ఈ కేసులోనే. న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. ఆ రికార్డింగులు 2008లోనే మొదలయ్యాయి, అంటే భరారా రాకముందే. కేసు ఆయన చేతికి సగం దారిలో వచ్చింది. 2011 మేలో జ్యూరీ మొత్తం 14 అభియోగాల్లోనూ రాజరత్నం దోషి అంది. 11 ఏళ్ళ జైలు.

ఆ తీగ లాగితే డొంకంతా కదిలింది. ఆ డొంకలో ఒక కొమ్మ మన హైదరాబాద్ దాకా వచ్చింది. గచ్చిబౌలి ఐఎస్‌బీ తెలుసు కదా. దాన్ని నిలబెట్టిన వాళ్ళలో ముఖ్యులు రజత్ గుప్తా, అనిల్ కుమార్. ఇద్దరూ మెకిన్సీ వాళ్ళు. అనిల్ కుమార్ డబ్బు తీసుకుని రాజరత్నంకి సమాచారం ఇచ్చానని కోర్టులో ఒప్పుకుని, ప్రభుత్వం తరఫున సాక్ష్యం చెప్పారు. రజత్ గుప్తా కథ ఇంకా బాధగా ఉంటుంది. ఐఐటీ ఢిల్లీ, హార్వర్డ్, తర్వాత మెకిన్సీకి ప్రపంచ స్థాయిలో అధిపతి. మన తరం ఇళ్ళల్లో "చూడరా, ఎలా ఎదిగాడో" అని చూపించే మనిషి.

2008 సెప్టెంబర్ 23న గోల్డ్‌మన్ సాక్స్ బోర్డు ఫోన్‌లో సమావేశమైంది. వారెన్ బఫెట్ 5 బిలియన్ డాలర్లు పెట్టబోతున్నారని అందులో చెప్పారు. గుప్తా ఆ బోర్డులో డైరెక్టర్. కాల్ అయిపోయిన నిమిషంలోపే ఆయన వైపు నుంచి రాజరత్నంకి ఫోన్ వెళ్ళింది. మార్కెట్ మూసేలోపు రాజరత్నం గోల్డ్‌మన్ షేర్లు కొన్నాడు. ఆ ఫోన్‌లో ఏం మాట్లాడుకున్నారో రికార్డింగ్ లేదు. ఆ షేర్ల మీద గుప్తాకి నేరుగా డబ్బు ముట్టినట్టు కూడా లేదు. తను తప్పు చేయలేదనే గుప్తా వాదించారు. బిల్ గేట్స్, కోఫీ అన్నన్ లాంటి వాళ్ళు ఆయన మంచితనం గురించి జడ్జికి ఉత్తరాలు రాశారు. అయినా 2012 జూన్‌లో జ్యూరీ ఆరు అభియోగాల్లో నాలుగింట్లో దోషి అంది, రెండింట్లో కాదంది. రెండేళ్ళ జైలు, 5 మిలియన్ డాలర్ల జరిమానా.

ఇక్కడ ఒక్క నిమిషం నా సంగతి చెప్తా. నేను ఉద్యోగం చేసిన రోజుల్లో ప్రతి క్వార్టర్ చివర ఒక మెయిల్ వచ్చేది. "ట్రేడింగ్ విండో మూసేశాం, కంపెనీ షేర్లు కొనొద్దు, అమ్మొద్దు" అని. నేను చదవకుండానే పక్కన పడేసేవాడిని, మనకెందుకులే అని. ఈ కేసు చదివాక అర్థమైంది. రూమ్మేట్‌తో బిర్యానీ తింటూ "మా కంపెనీని ఎవరో కొంటున్నార్రా, ఇంకా బయటికి రాలేదు" అని అనడం కూడా చిన్న విషయం కాదు. మన దేశంలో కూడా సెబీ 2015 నిబంధనల ప్రకారం అలాంటి సమాచారం బయటికి చెప్పడమే తప్పు, నువ్వు షేర్లు కొన్నావా లేదా అన్నది తర్వాత సంగతి. అమెరికాలో ఆర్‌ఎస్‌యూలు ఉన్న మన ఫ్రెండ్స్‌కి ఈ ముక్క తప్పకుండా చెప్పండి.

ఇప్పుడు మా నాన్న ప్రశ్నకి వద్దాం. రాజరత్నం, గుప్తా, అనిల్ కుమార్, తర్వాత ఎస్‌ఏసీ కేసులో మాథ్యూ మార్టోమా, ఆ పైన ఖోబ్రగడే. పేర్లు ఇలా వరసగా చదివితే "మనవాళ్ళనే ఏరి పట్టుకుంటున్నాడు" అనిపిస్తుంది. కానీ టైమ్స్ స్క్వేర్‌లో బాంబు పెట్టిన ఫైసల్ షాజాద్, రష్యా ఆయుధాల వ్యాపారి విక్టర్ బౌట్, న్యూయార్క్ రాజకీయ నాయకులు, వీళ్ళందరి కేసులూ అదే ఆఫీసు నడిపింది. మనకి మన పేర్లే కనిపిస్తాయి, అంతే.

ఖోబ్రగడే కేసులో ఆరోపణ ఇది. ఇంట్లో పనిచేసే ఆవిడని ఇండియా నుంచి తీసుకెళ్ళడానికి వీసా కాగితాల్లో గంటకి 9.75 డాలర్లు ఇస్తామని చూపించారు. పక్కన ఇంకో ఒప్పందం రాయించుకున్నారు, నెలకి 30,000 రూపాయలని. అది గంటకి మూడు డాలర్ల చిల్లర పడుతుంది. న్యూయార్క్‌లో అప్పటి కనీస వేతనం 7.25. ఈ ఆరోపణల్ని ఖోబ్రగడే ఒప్పుకోలేదు. కేసు విచారణ దాకా కూడా వెళ్ళలేదు. ఆవిడకి దౌత్య రక్షణ వచ్చాక 2014 జనవరిలో ఇండియా తిరిగొచ్చేశారు. అభియోగం పెట్టే నాటికే ఆ రక్షణ ఉందని చెప్పి మార్చిలో జడ్జి కేసు కొట్టేశారు. రెండు రోజుల్లో భరారా ఆఫీసు మళ్ళీ కొత్తగా అభియోగం వేసింది.

ఆ సోదా చేసింది భరారా ఆఫీసు కాదు, యూఎస్ మార్షల్స్. ఒక దౌత్యాధికారికి అలా జరగడం మనకి కోపం తెప్పించింది, అందులో తప్పేం లేదు. అమెరికా విదేశాంగ మంత్రి జాన్ కెర్రీ కూడా విచారం తెలిపారు. కానీ ఆ గొడవ మధ్యలో భరారా ఒక ప్రకటన ఇచ్చారు. అందులో ఆయన అడిగింది ఇదే: నిందితురాలికి జరిగిందాని మీద ఇంత ఆగ్రహం ఉంది, మరి బాధితురాలికి జరిగిందని చెప్తున్న దాని మీద ఎందుకు లేదు?

ఆ పనిచేసిన ఆవిడ కూడా ఇండియనే కదా! "మనోడు, మనోళ్ళు" అని మేం ఇంట్లో అనుకున్నప్పుడు ఆ లెక్కలో ఆవిడ లేదు. టీవీలో గంటలు గంటలు చర్చ జరిగింది, ఆవిడ పేరు ఎంతమందికి గుర్తుంది? అమెరికా ప్రాసిక్యూటర్ కూడా "మనవాళ్ళు" అని చూసి ఉంటే, ఆవిడ మాట వినేవాళ్ళు ఎవరు? ఈ ఒక్క ప్రశ్న దగ్గర నేను ఆగిపోయాను.

అలా అని ఈయన్ని దేవుడిని చేయక్కర్లేదు. తప్పులూ ఉన్నాయి, విమర్శలూ ఉన్నాయి. అవి లేకుండా చెప్తే కథ సగమే.

మొదటిది, గెలుపు లెక్క. ఒక దశలో ఇన్‌సైడర్ ట్రేడింగ్ కేసుల్లో ఆయన ఆఫీసు స్కోరు 85కి 85. పేపర్లు క్రికెట్ స్కోర్ లాగా రాశాయి. 2014 జూలైలో మొదటి ఓటమి. రాజరత్నం తమ్ముడు రెంగన్‌ని జ్యూరీ నిర్దోషి అంది. అదే ఏడాది డిసెంబర్‌లో అప్పీల్ కోర్టు న్యూమన్, చియాసన్ అనే ఇద్దరి శిక్షలు కొట్టేసింది. సమాచారం ఇచ్చినవాడికి దానివల్ల ఏదో లాభం వచ్చిందని, కొన్నవాడికి ఆ సంగతి తెలుసని మీరు రుజువు చేయలేదు అంది. దాంతో తర్వాత మరికొందరి మీద కేసులు కూడా వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. వాళ్ళలో కొందరు అప్పటికే నేరం ఒప్పుకున్నవాళ్ళు! ఆ మనుషుల ఉద్యోగాలు, పరువు, మధ్యలో పోయిన ఏళ్ళు ఎవరు తిరిగిస్తారు? 2016లో వేరే కేసులో సుప్రీంకోర్టు, బంధువుకో స్నేహితుడికో సమాచారం బహుమతిలా ఇచ్చినా నేరమే అని చెప్పి ఆ అప్పీల్ తీర్పుని కొంత సరిదిద్దింది. అయినా దెబ్బ తిన్నవాళ్ళకి దెబ్బ దెబ్బే.

రెండోది, 2008 ఆర్థిక సంక్షోభం. అమెరికాలో లక్షల మంది ఇళ్ళు పోయాయి. వాల్ స్ట్రీట్ పెద్ద బ్యాంకుల అధిపతుల్లో ఒక్కరూ దానికి జైలుకి వెళ్ళలేదు. వాల్ స్ట్రీట్ ఉన్న జిల్లా ఈయనదే కదా, మరి ఎందుకు పెట్టలేదు అని విమర్శకులు ఇప్పటికీ అడుగుతారు. సాక్ష్యం లేకుండా కోపంతో కేసు పెట్టలేం అన్నది ఆ వైపు వాదన. తేలికగా గెలిచే కేసులే ఎంచుకున్నారు అన్నది ఈ వైపు వాదన. నాకైతే రెండో వాదనలో కూడా కొంత బలం ఉందనిపిస్తుంది.

మూడోది, నోరు. 2015లో న్యూయార్క్ అసెంబ్లీ స్పీకర్ షెల్డన్ సిల్వర్‌ని అవినీతి కేసులో అరెస్ట్ చేశారు. ఇరవై ఏళ్ళ పైగా స్పీకర్‌గా ఉన్న డెమొక్రాట్. భరారాకి పదవి ఇచ్చిన పార్టీయే. అదే ఏడాది రిపబ్లికన్ సెనెట్ నాయకుడు డీన్ స్కెలోస్ మీద కూడా కేసు. రెండు పార్టీలనీ వదల్లేదు, అది మెచ్చుకోవాలి. కానీ విచారణకి ముందే ప్రెస్ ముందు, సభల్లో ఆయన మాట్లాడిన తీరుని జడ్జి రాతపూర్వకంగానే తప్పుపట్టారు. తర్వాత సుప్రీంకోర్టు ఇంకో కేసులో అవినీతికి అర్థాన్ని కుదించడంతో 2017లో ఇద్దరి శిక్షలూ రద్దయ్యాయి. 2018లో మళ్ళీ విచారణ చేస్తే ఇద్దరూ మళ్ళీ దోషులుగా తేలారు. అప్పటికి భరారా ఆ కుర్చీలో లేరు.

ఎందుకు లేరు? ఇందాక గుర్తుపెట్టుకోమన్నది ఇక్కడికే. 2016 ఎన్నికల్లో ట్రంప్ గెలిచాక భరారాని పిలిపించారు. కొనసాగమన్నారని బయటికొచ్చి భరారానే విలేకరులకి చెప్పారు. 2017 మార్చి 10న అటార్నీ జనరల్ జెఫ్ సెషన్స్, ఒబామా కాలం నుంచి ఉన్న 46 మంది యూఎస్ అటార్నీలని రాజీనామా చేయమన్నారు. భరారా చేయనన్నారు. మరుసటి రోజు ఆయన్ని తీసేశారు. పదేళ్ళ క్రితం ప్రాసిక్యూటర్లని ఎందుకు తీసేశారని విచారణ చేసిన మనిషినే ఇప్పుడు తీసేశారు. చట్టం ప్రకారం ప్రెసిడెంట్‌కి ఆ అధికారం ఉంది. కొత్త ప్రెసిడెంట్ వస్తే పాతవాళ్ళు వెళ్ళడం అక్కడ మామూలే. మరి రాజీనామా ఎందుకు చేయలేదు? అడిగితే తలొంచుకుని వెళ్ళడం వేరు, తీసేశారని రికార్డులో ఉండటం వేరు. అది అహమా, పద్ధతా అన్నది మీరే ఆలోచించండి.

తర్వాత ఆయన పాడ్‌కాస్ట్ మొదలుపెట్టారు, న్యూయార్క్ యూనివర్సిటీ లా స్కూల్‌లో చేరారు, 2019లో "డూయింగ్ జస్టిస్" అనే పుస్తకం రాశారు. 2022లో విల్మర్‌హేల్ అనే లా ఫర్మ్‌లో పార్ట్‌నర్ అయ్యారు. అంటే మళ్ళీ క్లయింట్లు, మళ్ళీ ఒక పక్షం. లాయర్‌గా మొదలై, ప్రాసిక్యూటర్ అయ్యి, మళ్ళీ లాయర్. అమెరికాలో చాలా మంది ప్రాసిక్యూటర్ల దారి ఇదే. నిన్న బ్యాంకుల మీద దర్యాప్తు చేసినవాళ్ళు రేపు బ్యాంకుల తరఫున కూర్చుంటారు. దాని మీద కూడా అక్కడ పెద్ద చర్చే ఉంది.

ఈ ఎపిసోడ్ రాసుకునేటప్పుడు మా నాన్నకి ఫోన్ చేశా. "నాన్నా, 2013లో మీరో మాట అన్నారు, గుర్తుందా?" అని మొత్తం కథ చెప్పా. కాసేపు విని, "మరి ఆ పనిమనిషి ఏమైంది రా?" అని అడిగారు. అమెరికాలోనే ఉండిపోయింది నాన్నా, అన్నాను. "అప్పుడు ఎవరూ ఆ అమ్మాయి గురించి చెప్పలేదే" అన్నారు.

చెప్పారు నాన్నా, మనమే వినలేదు.

మన ఊళ్ళో కూడా ఎప్పుడైనా కేసు అంటే ముందు అడిగేది "వాడు ఎవరి మనిషి?" అనే కదా. పోలీసు ఎవరి మనిషి, ప్లీడరు ఎవరి మనిషి, జడ్జి ఎవరి మనిషి. లాయర్ ఒకరి మనిషిగా ఉండొచ్చు, ఉండాలి కూడా. ప్రాసిక్యూటర్ ఉండకూడదు. భరారా ప్రతిసారీ ఆ మాట నిలబెట్టుకున్నారా అంటే లేదనే చెప్తాను, పైన చెప్పిన తప్పులే సాక్ష్యం. కానీ ఆయన్ని తప్పుపట్టాలంటే ఆ తప్పుల మీద పట్టండి. మనవాళ్ళ మీద కేసు పెట్టాడని కాదు.

ఈసారి వార్తల్లో ఎవరినైనా అరెస్ట్ చేశారని వస్తే, అరెస్టైన మనిషి మనవాడా కాదా అని చూసేముందు, ఆ కేసులో ఫిర్యాదు చేసిందెవరో ఒకసారి చూడండి. నాకు ఈ కథ నేర్పింది అంతే. మళ్ళీ వచ్చే వారం కలుద్దాం. జాగ్రత్తగా ఉండండి, ఆ ట్రేడింగ్ విండో మెయిల్ మాత్రం చదవండి. నమస్తే.